పన్నెండు వాట్ల తీర్పు

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
మార్చి 4

అన్నయ్యగారికి నమస్కారాలు.

వదినగారి మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. ముందుగా తిట్లు తినాల్సిన విషయం చెప్పేస్తాను. మిమ్మల్ని అడక్కుండా స్పీకర్లు కొన్నాను.

చిన్నవి కావు. ఒక్కొక్కటీ నా భుజం దాకా ఉంది. నలుగురు మనుషులు మెట్లెక్కించారు. రెండో మలుపులో ఒకాయన ఆయాసపడుతూ, "ఇందులో ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగాడు. చెక్క అంచుమీద వేలు పెట్టి రాస్తే ఒక పలక ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రోజంతా కళ్ళద్దాల అంచులు అరగదీసేవాణ్ణి, నునుపంటే ఏమిటో నాకు తెలుసు. ఈ పని చేసినవాడెవడో గానీ వాడి చేతులు కళ్ళకద్దుకోవాలి.

ఎందుకు కొన్నానంటారా? మీ మరదలి కోసం. గొంతు బొంగురుపోతోందని డాక్టరుకు చూపిస్తే స్వరపేటిక మీద చిన్న బుడిపె ఉందన్నారు. కంగారు పడకండి, ప్రాణానికేం ఢోకా లేదు. జూన్ పద్దెనిమిదిన ఆపరేషన్. మాట తప్పకుండా వస్తుందట. పాట సంగతికి మాత్రం పూచీ ఇవ్వలేమన్నారు. ఆమె డాక్టరు ముందు నవ్వేసి, "పాడి ఇరవై రెండేళ్ళయింది, కొత్తగా పోయేదేముంది?" అంది. ఇంటికొచ్చి తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మా పెళ్ళైన ఏడాది ఆమె హాల్లో పాడినప్పుడు ఎవరో తీసిన టేపు ఒకటుంది కదా. ఆపరేషన్‌కు ముందు ఆమె తన గొంతు తను ఒక్కసారి బాగా వినాలి. నాకున్న కోరిక అదొక్కటే. టేపు తియ్యమంటే మాత్రం, "విరిగిన చోటు నాకు తెలుసు. దాన్ని నిలువెత్తు స్పీకర్లలో వినాలా?" అంటోంది. ఈ స్పీకర్లు మిగతా పాటలు అద్భుతంగా పాడి చూపిస్తే మనసు మారుతుందని నా ఆశ.

చిక్కు ఇక్కడే వచ్చింది. మా కొత్త కాపురానికి మీరు చేతులారా కట్టిచ్చిన ఆంప్లిఫయరే ఇప్పటికీ వాడుతున్నాను. అందులో గాజుబుడ్ల వాల్వులు వెలుగుతుంటే గదికే ఒక కళ వస్తుంది. మెల్లగా పాడే పాట పెడితే గాయని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉంది, ఒట్టు. కానీ గొంతు పైకి లేచేసరికి రేకు మీద ఇసుక పోసినట్టు గరగరమంటోంది. నేనే ఏదో తప్పు చేసుంటాను. ఏం చెయ్యమంటారు?

ఫోన్ చేద్దామంటే మా ఫోను వంటింటి గోడకే ఉంది, ప్రతి మాటా మీ మరదలి చెవిన పడుతుంది. అందుకే ఉత్తరం.

మీ తమ్ముడు

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
మార్చి 11

తమ్ముడూ,

మరదలి సంగతి చదివి మీ వదిన ఏడ్చింది, నేను ఏడవనట్టు నటించాను. డాక్టరు మంచివాడేనా? ఇంకొకరికి కూడా చూపించండి. డబ్బుకు మొహమాటపడకు.

ఇక నీ ఘనకార్యం. పెళ్ళికూతుర్ని చూడకుండా ముహూర్తం పెట్టుకున్నట్టు, నన్ను అడక్కుండా స్పీకర్లు కొంటావా? నేనున్నది దేనికి? నలభై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర ఆంప్‌లు కడుతున్నవాణ్ణి, ఇంట్లో మనిషిని, ఎవడో షాపువాడికన్నా లోకువైపోయానా? సరే, కొన్నావు. అందంగా ఉన్నాయంటున్నావు. అందం చూసి మోసపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

గరగరకు కారణం మూడింట్లో ఒకటి. ఒకటి, గోడకు మరీ దగ్గరగా పెట్టి ఉంటావు. రెండడుగులు ముందుకు జరుపు. రెండు, మీ ముందు గదిలో అంతా గచ్చూ గాజూ, మోతకు అంతకన్నా ఏం కావాలి? నేలమీద మందపాటి తివాచీ వెయ్యి, కిటికీకి బరువైన తెర కట్టు. మూడు, ఆ వైర్లు. నువ్వు టేబుల్ ల్యాంపు వైరు వాడి ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు. ఇవన్నీ చేశాక కూడా గరగర ఉంటే అది ఆ స్పీకర్ల పుట్టుకలోనే ఉన్నట్టు. ఆంప్ గురించి నువ్వు ఆలోచించక్కర్లేదు. దాని ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ నేనే చుట్టాను, ఒక్కోదానికి పదకొండు రోజులు. పన్నెండు వాట్లే కావచ్చు, పన్నెండూ బంగారం.

ఆ టేపు నీకంటే నాకే బాగా తెలుసు. నీకిచ్చే ఆంప్ తయారైందని చుట్టాలందర్నీ ఇదే వర్క్‌షాపుకు పిలిచాను, గుర్తుందా? నలభై మంది ఉన్నారు. మరదలి టేపే పెట్టాను. వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినబడాలని వాల్యూమ్ గుండీ చివరిదాకా తిప్పాను. మూడో పాటలో పై స్వరం అందుకున్నచోట గొంతు చీలింది. అందరూ నా మొహమే చూశారు. మన ఇళ్ళల్లో చెవి అంటే నాదే కదా. "పైన కాస్త విరిగింది మరదలా, ఇంకా సాధన చెయ్యాలి" అన్నాను. ఉన్నమాటే అన్నాను. మంచి గొంతు, కాస్త తొందరపడి పైకెక్కింది, అంతే. ఆ ముక్క వదిలేసి మిగతా టేపు వినిపించు.

చెప్పినవన్నీ చేసి రాయి.

అన్నయ్య

*

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
ఏప్రిల్ 2

అన్నయ్యగారికి,

మీరన్నట్టే టేబుల్ ల్యాంపు వైరే వాడాను. మీకు దివ్యదృష్టి ఉంది, నా దుకాణానికొస్తే నాకు బేరమే ఉండదు. వైరు మార్చాను. తివాచీ పరిచాను. తెర కట్టాను. స్పీకర్లను రెండడుగులు ముందుకు జరిపేసరికి నా నడుము పట్టేసింది, మీ మరదలు కాపడం పెడుతూ, "కూర్చుని వినడానికని కొన్నారు, పడుకుని వింటున్నారు" అంది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా. కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతాం. ఏ అద్దం వేశామో చెప్పం. చెబితే మనిషి కళ్ళతో కాకుండా ఆశతో చూస్తాడు. అలాగే ఆమెను వెనక్కి తిప్పి కూర్చోబెట్టాను. అదే పాట, అదే వాల్యూమ్. స్పీకర్లను ఒక అంగుళం జరపడం, "ఒకటా, రెండా?" అని అడగడం. ఆదివారం మధ్యాహ్నమంతా ఇదే పని. ఆమె "ఒకటి" అన్నచోట సున్నంతో గీత గీశాను. ముందు గది ఇప్పుడు పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకునేలా తయారైంది.

కానీ అన్నయ్యగారూ, ఆ స్పీకర్లు! మీ సలహాల చలవ, ఇప్పుడు అవి గదిలో ఉన్నట్టే తెలియడం లేదు. కళ్ళు మూసుకుంటే వేణువు ఎడమవైపు కిటికీ దగ్గర ఉంది, వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినబడుతోంది. డోలు కొట్టే మనిషి అరచేయి మెత్తనిదని తెలుస్తోంది. పాతికేళ్ళుగా వింటున్న పాటలో ఎవరో చిన్నగా దగ్గారని నిన్ననే తెలిసింది. మీ మరదలు వంటింట్లోంచి గరిటెతో అలాగే వచ్చి, "ఈవిడకు జలుబు చేసిందప్పుడు, పాపం" అంది గాయని గురించి. ఇద్దరం నిలబడి విన్నాం.

అయినా పైకి లేచినచోట ఆ గరగర పోలేదు. తగ్గింది, పోలేదు. అక్కడికొచ్చేసరికి ఆమె లేచి లోపలికి వెళ్ళిపోతుంది. టేపు మాట ఎత్తనివ్వదు. గొంతు కూడా ఈ నెలలో ఇంకాస్త తగ్గింది, సాయంత్రానికి గుసగుసలాడినట్టే వస్తోంది. మిగిలింది రెండున్నర నెలలు.

స్పీకర్లతో పాటు ఒక కాగితం వచ్చింది. కొండలూ లోయలూ గీసినట్టు ఒక గీత, పక్కన ఓమ్‌లని అంకెలు. నాకు అర్థం కాలేదు. దీనితో పంపుతున్నాను, చూడండి.

మీ తమ్ముడు

*

వర్క్‌షాపు
ఏప్రిల్ 12

తమ్ముడూ,

కాగితం అందింది. చూస్తున్నాను. నేను చెప్పేదాకా ఇంకేమీ జరపకు, నడుము జాగ్రత్త.

ఒక్క మాట అడుగుతాను, కాస్త నిజం రాయి. ఆ రోజు మా వర్క్‌షాపులో టేపు విన్న తర్వాత మరదలు ఎక్కడైనా పాడిందా? పెళ్ళిలోనో, ఎవరింట్లోనో, ఎక్కడైనా? మీ వదినను అడిగితే గుర్తులేదంటూ మాట మార్చింది.

అన్నయ్య

*

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
ఏప్రిల్ 20

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు. ఒంట్లో బాగుందా?

అడిగారు కాబట్టి రాస్తున్నాను. లేదు, ఎక్కడా పాడలేదు. ఆ తర్వాతి వారమే పెద్ద హాల్లో పాడాల్సి ఉంది. వాళ్ళ మనిషి రెండుసార్లు ఇంటికొచ్చాడు. తలనొప్పని చెప్పించింది. మూడోసారి ఆయన రాలేదు. నేను కొత్తగా పెళ్ళైనవాణ్ణి, అడిగితే బాధపడుతుందేమోనని అడగలేదు. ఒకసారి మాత్రం అంది: "బావగారు ఎవర్నీ ఊరికే అనరు. ఆయన చెవికి విరిగిందంటే విరిగినట్టే." అప్పట్నుంచి టేపు బీరువాలో బట్టల కింద ఉంది. మీమీద కోపంతో కాదు, మీ మాటమీద ఆమెకున్న గౌరవం అలాంటిది. నాకూ అంతే.

ఆ గౌరవం వల్లే నేనొక విషయం మీ దగ్గర దాచాను. ఇక దాచి లాభం లేదు. మార్చి మూడో వారంలో ఎదురింటి దర్జీ దగ్గర ఒక ఆంప్ అడిగి తెచ్చాను. చూడ్డానికి రేకుడబ్బా, వాల్వులూ లేవు, వెలుగూ లేదు. మీ మరదల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టి మీది, అదీ, మార్చి మార్చి పెట్టాను. మెల్లటి పాటలకు పదికి పదిసార్లు మీదే బాగుందంది. ఆ మాట ముందు రాయాలి. పైకి లేచేచోట మాత్రం పదికి పదిసార్లూ ఆ రేకుడబ్బానే ఎంచుకుంది. ఏది ఏదో ఆమెకు తెలియదు.

మీ ఆంప్‌లో లోపముందని మీకు రాయడానికి చెయ్యి రాలేదు. నాకు కాఫీ కలపడం రాదంటే పడతాను గానీ మీ పని బాగాలేదంటే నేనే పడలేను. అందుకే వైర్లనీ తివాచీనీ రాస్తూ వచ్చాను. ఈలోగా నెల రోజులు పోయాయి. క్షమించండి.

మీ తమ్ముడు

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
మే 6

తమ్ముడూ,

క్షమించడానికి నేనెవర్ని? నువ్వు నెల దాచావు. నేను అంతకు ముందునుంచే దాస్తున్నాను. "భుజం దాకా ఉన్నాయి" అని నువ్వు రాసిన మొదటి ఉత్తరంలోనే నాకు అనుమానం వచ్చింది. అంత పెద్ద స్పీకర్లను పన్నెండు వాట్లు లాగలేవని ఈ పనిలో ఉన్న ఎవడికైనా తెలుసు. తెలిసి కూడా తివాచీలు పరిపించాను, నీ నడుము విరగ్గొట్టాను. నా ఆంప్ చాలదు అని నా చేత్తో రాయడం ఇష్టంలేక.

నువ్వు పంపిన కాగితం సంగతి. ఓమ్‌లంటే స్పీకరు కరెంటుకు ఎంత అడ్డం నిలబడుతుందో చెప్పే అంకె. అది తగ్గినకొద్దీ ఆంప్ నుంచి ఎక్కువ లాగుతుంది. నా ఆంప్ ఎనిమిదికి కట్టాను. నీ స్పీకర్లు ఒక లోయలో రెండుకు దిగుతున్నాయి. అడిగినంత ఇవ్వలేనప్పుడు ఆంప్ ఏం చేస్తుందంటే, ఇవ్వగలిగినంతవరకు ఇచ్చి అక్కడ ఆగిపోతుంది. పాట అల గుండ్రంగా పైకి లేవాల్సినచోట బల్లపరుపుగా తెగిపోతుంది. చెవికి అది గరగర. పాడేవాళ్ళ గొంతే చీలినట్టు వినబడుతుంది.

ఈ చివరి వాక్యం రాశాక లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

ఆ మాట ఈ కాగితం చూశాకే నా బుర్రకెక్కింది. మరదలి టేపు కాపీ ఒకటి నా దగ్గరుంది. నీ ఆంప్‌కు అన్నలాంటిది, అదే కొలతలతో కట్టింది, పై అరలో ఉంది. ఆ రోజు వాడిన స్పీకర్లూ ఇక్కడే ఉన్నాయి. వాటిది ఎనిమిదే, పెద్ద ఆకలి కాదు, కానీ ఆ రోజు నేను గుండీ చివరిదాకా తిప్పాను. మళ్ళీ అలాగే తిప్పి, అల ఆకారం చూపించే తెరకు తగిలించాను. టేపులోంచి వస్తున్న అల చూశాను. మూడో పాట, పై స్వరం. గుండ్రంగా, నిండుగా, ఎక్కడా చిన్న నొక్కు లేదు. ఆంప్ దాటాక అదే అల చూశాను. తల తెగిపోయి ఉంది.

నాలుగుసార్లు చూశాను. వాల్వులు మార్చి చూశాను. గుండీ సగానికి తగ్గించి చూస్తే ఆ స్వరం చెక్కుచెదరకుండా వచ్చింది. ఎంత బాగుందో చెప్పలేను తమ్ముడూ. అంత పైకి ఎక్కి, అక్కడ నిలబడి, తొందరేమీ లేనట్టు కిందికి చూసే గొంతు. చీలింది నా ఆంప్. నేను ఆ పిల్లతో, నలభై మంది ముందు, నీ గొంతు విరిగింది అన్నాను. ఒక్క క్షణం కూడా నా పనిని అనుమానించలేదు. ఎదురుగా ఇద్దరుంటే, నేను కట్టిన పెట్టె ఒకటి, పాడిన మనిషి ఒకరు, తప్పు మనిషిదే అనుకున్నాను.

ఇక ఏం చేశానో విను. మీసాలాయన దగ్గరికి వెళ్ళాను. అవును, ఆయన దగ్గరికే. ఇదే బల్లకు అటువైపు కూర్చుని నాతో పదేళ్ళు పని చేసి, వాల్వులు వదిలేసి పెద్ద ఆంప్‌లు కడతానని వెళ్ళిపోయిన మనిషి. ప్రాణంలేని పెట్టెలు కడతాడని పదిహేనేళ్ళుగా కనబడిన ప్రతివాడి దగ్గరా అన్నాను. తలుపు తీసి నన్ను చూసి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. కాగితం చూపించాను. చూసి, లోపలికి తీసుకెళ్ళి ఒక ఆంప్ మూత విప్పి పెట్టాడు.

ట్రాన్స్‌ఫార్మర్ నీళ్ళబిందెంత ఉంది. వైర్లన్నీ దారంతో కట్టాడు, నలభై యాభై ముళ్ళుంటాయి, ఏ ముడికీ పక్క ముడికీ తేడా లేదు. అతుకులు అన్నీ మెరుస్తున్నాయి. మూత వేశాక ఎవరూ చూడని చోట కూడా మూలలు నున్నగా అరగదీశాడు. రెండు ఓమ్‌లకు దిగినా చెమట పట్టదు దానికి. ఇందులో ప్రాణం లేదన్న నోటిని ఏం చెయ్యాలి? చెయ్యెత్తి దండం పెట్టాను. ఆయన సిగ్గుపడ్డాడు. తర్వాత అన్నాడు, "నీ ఆంప్ చెడ్డది కాదయ్యా. దానితో చేయించకూడని పని చేయించావు." ఆ మాట ఇంకా నొప్పిగానే ఉంది.

మే ఇరవై నాలుగున, ఆదివారం, ఆయన వ్యానులో ఆంప్ తీసుకుని వస్తాం. మరదలికి నువ్వేమీ చెప్పకు. ఆ మాట నేనే చెప్పాలి, ఎదురుగా నిలబడి చెప్పాలి.

అన్నయ్య

*

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
జూన్ 1

అన్నయ్యగారికి,

మీమీద కోపంగా ఉంది. ఇన్నేళ్ళల్లో మీమీద కోపం రావడం ఇదే మొదటిసారి, ఎలా రాయాలో కూడా తెలియడం లేదు.

ముందు బాగున్న సంగతి రాస్తాను. మీరు వెళ్ళిపోయారు కాబట్టి మీకు తెలియదు. ఆంప్ బిగించి, మొదటి రెండు పాటలు పెట్టి, మీరు "వ్యానులో వైరు మర్చిపోయాను" అని లేచారు చూశారూ, అప్పటికే మీ మరదలు కుర్చీ అంచుకు వచ్చేసింది. ఆ గాయని పైకి లేచింది, ఏమీ కాలేదు. ఇంకా పైకి లేచింది. స్పీకర్లు ఆమెను అలా చేతులమీద ఎత్తి పట్టుకున్నాయి. మీ మరదలు నావైపు చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. ఎప్పటిలాగే వెళ్ళిపోయిందనుకున్నాను. బీరువా తలుపు చప్పుడైంది. టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేనడగలేదు.

మూడో పాటకు ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది, సూది వేయించుకునేటప్పుడు పట్టుకున్నట్టు. ఆ స్వరం వచ్చింది. వచ్చి, వెళ్ళిపోయింది. ఎక్కడా చిన్న గీత లేదు. "మళ్ళీ" అంది. మళ్ళీ పెట్టాను. అయిదుసార్లు విన్నాం. మీసాలాయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, ఆయన మీసాలు తడవడం నేను చూశాను. ఆయన ఆంప్ గురించి ఎన్ని మాటలు రాసినా తక్కువే, మీ స్నేహితుడు ఉద్దండుడు.

అయిదోసారి అయ్యాక ఆమె చాలా నెమ్మదిగా అడిగింది, "అయితే ఆ రోజు?"

నేను గుమ్మం వైపు చూశాను. మీరు లేరు. మెట్లు దిగి చూస్తే వ్యాను ఉంది, మీ చెప్పులు లేవు. బస్సెక్కి వెళ్ళిపోయారని సాయంత్రం వదినగారు ఫోన్‌లో చెప్పారు.

ఆ జవాబు నేనివ్వలేను. "అన్నయ్యగారిని అడుగు" అన్నాను. ఆమె అప్పట్నుంచి మీ గురించి ఒక్క మాట అనలేదు. పనులు చేసుకుంటోంది. పద్దెనిమిదిన ఆపరేషన్. ఆ తర్వాత ఆరు వారాలు మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దన్నారు. ఆమె మిమ్మల్ని ఏదైనా అడగాలన్నా, అనాలన్నా, ఆ గొంతుతో మిగిలింది పదిహేడు రోజులు. మీ చేతుల మీద నాకున్న గౌరవం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ నలభై మంది ముందు అన్నమాటను మీరే వెనక్కి తీసుకోవాలి, మీరు రాలేకపోతే రాయండి. ఉత్తరం ఆమె పేరన రాయండి, నాకు కాదు.

మీ తమ్ముడు

*

వర్క్‌షాపు
జూన్ 9

మరదలా,

నీకు నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు. మీ అక్కే రాస్తుంది, నేను చివర "బావ ఆశీస్సులు" అని ఒక మూల ఇరికిస్తాను. ఇప్పటికి ఆరు కాగితాలు చింపాను.

ఆ రోజు నీ గొంతు విరగలేదు. నా ఆంప్ శక్తి చాలక తెగింది. నేను దాన్ని మొయ్యలేనంత మొయ్యమన్నాను, అది చతికిలబడింది. నేనా తప్పును నీ గొంతుమీద వేశాను. కావాలని కాదు. కావాలని అయితే ఇంకా నయమేమో, నాకు అనుమానమే రాలేదు. నేను కట్టినదానిలో తప్పుంటుందని నా బుద్ధికి తోచలేదు. అదీ నా చెవి గొప్పతనం.

ఆ ఆదివారం చెబుదామనే వచ్చాను. టేపు కోసం నువ్వు లోపలికి వెళ్ళడం మెట్ల దగ్గరనుంచి చూశాను. ఇరవై రెండేళ్ళ తర్వాత నువ్వు దాన్ని వినబోతుంటే, అక్కడ కూర్చుని నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది. పారిపోయాను. ఈ వయసులో బస్సు వెనక పరిగెత్తాను, మీ అక్కకు చెప్పకు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు మంచిదానివి గనక వెంటనే సరే అంటావు, అది నాకు చవగ్గా దొరికినట్టవుతుంది. నిజం నీకు తెలియాలి, అంతే. అంత గొప్పగా పాడినవాళ్ళను నేను నా జీవితంలో ఇద్దరు ముగ్గుర్ని విన్నాను. అందులో ఒకరు మన ఇంట్లోనే ఉన్నారు. నేనే నోరు మూయించాను.

ఆపరేషన్ బాగా జరగాలి. ఇక్కడ అందరం దాని గురించే ఆలోచిస్తున్నాం.

బావ

*

ముందు గది, స్పీకర్ల ఎదురుగా
జూన్ 27

బావగారికి,

మాట్లాడకూడదు కాబట్టి రాస్తున్నాను. మీ తమ్ముడు పలక ఒకటి కొనిచ్చి నాతో ఆడుకుంటున్నారు, "కాఫీ" అని రాస్తే "ఒకటా, రెండా?" అంటున్నారు. కుట్లు మానుతున్నాయి. గొంతు ఎలా ఉంటుందో డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు.

మీ ఉత్తరం పన్నెండున అందింది. చదివి మడిచాను, మళ్ళీ విప్పి చదివాను, ఈలోగా పాలు పొంగిపోయాయి. మీరు రాయకముందే నాకు తెలుసు. ఆ ఆదివారం మొదటిసారి విన్నప్పుడే తెలిసింది, చెవులు నాకూ ఉన్నాయి. మీ నోటినుంచి వస్తుందా రాదా అనే చూశాను. వచ్చింది. ఆలస్యంగా వచ్చినా, సాకులు లేకుండా వచ్చింది.

నాకు చాలా కోపం వచ్చింది బావగారూ. ఇంకా ఉంది. ఇరవై రెండేళ్ళు నేను స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని పాడాను, పక్కగదిలోకి వినబడకూడదని. పిల్లలకు జోల కూడా మీ తమ్ముడి చేతే పాడించాను. ఆయన జోలకు వాళ్ళు ఎలా నిద్రపోయారో ఆ దేవుడికే తెలియాలి. ఎవరైనా పాడమంటే "నాకు రాదండీ" అనేదాన్ని. అలా అని అని, నిజంగానే నాకు రాదనుకున్నాను. మీమీదే కాదు, నామీద కూడా కోపంగా ఉంది. పాడింది నేను. పైన ఆ స్వరం దగ్గర నా గొంతుకు ఏమీ కాలేదని ఆ రోజు హాల్లో నాకు తెలుసు. మీరు ఒక్క మాట అనగానే ఆ తెలిసినదాన్ని వదిలేశాను. ఒక్కసారి కూడా "అదెలా బావగారూ?" అని అడగలేదు.

మీసాలాయనకు నా నమస్కారాలు చెప్పండి. ఆయన ఆంప్‌లో ఆ మూడో పాట పెట్టినప్పుడు నేను మొదట విన్నది నా పాట కాదు. పై స్వరానికి ముందు నేను పీల్చుకున్న ఊపిరి. ఆ ఊపిరి నాకు జ్ఞాపకమే లేదు. ఎంత ధీమాగా పీల్చుకుందో ఆ పిల్ల! ఎక్కగలనో లేదో అన్న అనుమానం పిసరంత కూడా లేదు. ఇరవై ఆరేళ్ళు దానికి. కూర్చుని విన్నాను, ఎవరో పైవాళ్ళ అమ్మాయి పాట విన్నట్టు, నోరు తెరుచుకుని. బాగా పాడింది బావగారూ. నా గురించి నేను చెప్పుకుంటున్నట్టు లేదు, అందుకని సిగ్గులేకుండా రాస్తున్నాను. చాలా బాగా పాడింది.

పదిహేడో తారీకు పొద్దున ఆ మూడో పాట పాడాను. ముందు గదిలో నిలబడి, కిటికీ తెర తీసి. గొంతు గరగరలాడింది, ఈసారి నిజంగా గొంతే. పైదాకా వెళ్ళలేదు. వెళ్ళినంత దూరం వెళ్ళాను. ఎదురింటి దర్జీ మిషను ఆపేశాడు. మీ తమ్ముడు రికార్డు చేస్తానని ఏదో పెట్టె తీశారు, వద్దన్నాను. ఇక నా పాటను ఏ పెట్టెకూ అప్పజెప్పదల్చుకోలేదు, అది ఎవరు కట్టినదైనా సరే.

మీరు క్షమించమని అడగలేదు, మంచి పని చేశారు. అడిగితే సరే అనేసేదాన్నే. జూలై ముప్పైన నోరు విప్పొచ్చన్నారు. మొదట ఏం చెయ్యాలని ఆలోచించాను. పాట తర్వాత. ముందు మిమ్మల్ని తిడతాను. చాలా ఉంది, నెలనెలా గుర్తొచ్చినవన్నీ పోగేసి పెట్టాను, ఉత్తరంలో పెడితే దాని పవరు పోతుంది. అక్కను తీసుకుని రండి. వైరు మర్చిపోయాననీ, బస్సు వేళయిందనీ లేవకూడదు. నాకెదురుగా కూర్చోవాలి. బొంగురుగా వచ్చినా, సన్నగా వచ్చినా, మధ్యలో విరిగినా సరే, చివరిదాకా వినాలి.

మీ మరదలు